థర్మోస్టాటు మార్చిన పిదప కూడ ఇంజను ఏల వేడెక్కును?

మే నెల మధ్యాహ్నము. హైదరాబాదులోని పంజాగుట్ట చౌరస్తాలో వాహనములు అమీరుపేట వైపునకు బారులు తీరి నిలిచి యున్నవి. పైన మెట్రో రైలు తన దారిన తాను పోవుచున్నది. క్రింద ఒక పాత కారులో ఉష్ణోగ్రతను చూపు ముల్లు మెల్లమెల్లగా ఎర్రగీత వైపునకు జరుగుచున్నది. రెండు దినముల క్రిందటనే ఈ కారునకు క్రొత్త థర్మోస్టాటు వేసిరని అనుకొందురు గాక. యజమాని, "కొత్త సామాను నకిలీది అంటగట్టారు" అని విసుగుకొనును. మెకానిక్కు, "రేడియేటరు పోయింది సార్" అనును. ప్రక్కన నిలిచిన ఆటోవాడు, "అసలు ఆ థర్మోస్టాటు తీసి పారేయండి సార్, మన ఊళ్ళో మంచు పడుతుందా ఏమన్నా?" అని ఉచితముగా సలహా ఇచ్చును.

ముగ్గురును ముగ్గురే. వీరిలో ఎవ్వరును వేడి ఎచట పుట్టుచున్నదో, ఏ దారిన పోవలెనో, ఆ దారిలో ఎచట ఆగిపోయినదో విచారింపలేదు. అది విచారించిన వానికి పెద్ద పరికరములతో పని లేదు. చేయి, కన్ను, కొంచెము భౌతికశాస్త్రము చాలును.

ముందుగా వేడి యెంతయో చూడవలెను. ఒక లీటరు పెట్రోలు మండినచో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి వెలువడును. ఇందులో చక్రములను త్రిప్పు పనికి వచ్చునది నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వరకే. దాదాపు అంతే భాగము పొగగొట్టము గుండ బయటికి పోవును. మిగిలినది ఇంజను గోడలకు అంటుకొనును. దానిని నీరు మోసికొనిపోయి రేడియేటరులో గాలికి అప్పగింపవలెను. కదలక నిలిచి యున్నపుడు సైతము చిన్న కారు గంటకు ముప్పాతిక లీటరుకు అటునిటుగా పెట్రోలు త్రాగును. ఆ లెక్కన నీటికి చేరు వేడి సుమారు 2 కిలోవాట్లు. అనగా స్నానపు నీళ్లు కాచుకొను ఇమ్మర్షన్ హీటరును ఇంజనులో పెట్టి, స్విచ్చి వేసి మరచిపోయినట్లే.

ఆ కారులో 5 లీటర్ల నీరు కలదనుకొన్నచో, అది 90 డిగ్రీల సెంటిగ్రేడు నుండి 118 డిగ్రీలకు చేరుటకు 588 కిలోజౌళ్లు కావలెను. (ఈ 118 అను అంకె ఎచటి నుండి వచ్చినదో ముందు తెలియగలదు.) 2 కిలోవాట్ల చొప్పున ఇది 5 నిమిషముల పని. నీటితో బాటు నూరు కిలోల లోహము కూడ వేడెక్కవలెను గనుక పావుగంటయో, ఇరువది నిమిషములో పట్టును. రేడియేటరు పని చేయుట పూర్తిగా మానినచో కారునకు గల గడువు ఇంతియే. సాయంకాలపు రద్దీలో పంజాగుట్ట దాటుటకు ఒక్కొక్కనాడు ఇంతకంటె ఎక్కువ సేపే పట్టును.

ఇక థర్మోస్టాటు. ఇది ఇంజనును చల్లబరచు సాధనమని చాలమంది తలంతురు. అది పొరపాటు. ఇంజను త్వరగా వెచ్చబడుటకు, వెచ్చబడిన పిదప మరల చల్లారిపోకుండుటకు దీనిని పెట్టిరి. ఇంజనునకును రేడియేటరునకును నడుమ ఉండు చిన్న తలుపు ఇది. దీని లోపల రాగితోనో, ఇత్తడితోనో చేసిన డిప్పలో మైనము నిండి యుండును. నీరు నిర్ణీతమైన ఉష్ణోగ్రతకు వచ్చినంతనే మైనము కరగి, నూటికి పది పదిహేను వంతులు ఉబ్బును. ఆ ఉబ్బు ఒక చిన్న కడ్డీని నెట్టగా, స్ప్రింగు బలమునకు ఎదురేగి తలుపు తెరచుకొనును. విద్యుత్తు లేదు, తీగలు లేవు. మైనము కరగినప్పుడు ఉబ్బునను ఒక్క సత్యము మీదనే అంతయు నడచును. ఈ మైనపు పద్ధతిని 1930 దశకములో సెర్జియస్ వెర్నే అను అమెరికా దేశపు ఇంజనీరు కనిపెట్టెను. అంతకు పూర్వము త్వరగా ఆవిరియగు ద్రవములతో నింపిన ముడుతల తిత్తులుండెడివి. ఫోర్డు వారి ప్రసిద్ధమైన మోడల్-టి కారులో ఏ తలుపును లేకుండెను. వేడి నీరు తేలికయై పైకి లేచి, చల్లని నీరు బరువై క్రిందికి దిగు సహజ ప్రవాహమే దానికి చాలెను.

థర్మోస్టాటును చెరువు తూముతో పోల్చవచ్చును. తూము మూసికొని పోయినచో చేను ఎండును, నిజమే. కాని తూము తెరచినంత మాత్రమున చేను తడియదు. కాలువ పూడిక లేకుండవలెను, చెరువులో నీరుండవలెను, చేను నీటిని పీల్చుకొనవలెను. చేను ఎండిన ప్రతిసారి తూమునే మార్చుచు కూర్చున్న రైతు ఎట్టివాడో, ముల్లు ఎర్రగీతకు పోయిన ప్రతిసారి థర్మోస్టాటునే మార్చువాడు అట్టివాడు.

అట్లని ఆటోవాని సలహా పాటింపవచ్చునా? మన ప్రాంతములో ఈ అలవాటు చాల కాలముగా ఉన్నది. వేడి దేశములో తలుపెందుకని అంబాసిడరు కాలము నుండియు ఎన్నో కార్లలో థర్మోస్టాటును ఊడదీసి పారవేసిరి. కాని చాల ఇంజనులలో థర్మోస్టాటునకు రెండు బిళ్ళలుండును. పైబిళ్ళ రేడియేటరు దారిని తెరచునపుడు, క్రిందిబిళ్ళ నీరు ఇంజనులోనే తిరుగు అడ్డదారిని మూయును. ఈ పరికరమును తీసివేసినచో అడ్డదారి ఎల్లప్పుడును తెరచియే యుండును. నీరు సులభమైన దారినే ఎంచుకొనును గనుక, సగము నీరు రేడియేటరు ముఖమే చూడక తిరిగివచ్చును. చల్లబడుననుకొన్న ఇంజను ఎండకాలములో మరింత వేడెక్కును. అడ్డదారి లేని ఇంజనులలో దీనికి వ్యతిరేకముగా జరుగును. ఇంజను ఎన్నటికిని తగినంత వెచ్చబడదు, పెట్రోలు ఎక్కువ ఖర్చగును, నూనె చిక్కగా నుండి భాగములు త్వరగా అరుగును. రెండు విధములను నష్టమే.

ఇపుడు చౌరస్తాలోని కారు వద్దకు రావలెను. మరమ్మతు చేసిన వెంటనే చెడిన యంత్రములో ముందుగా ఆ మరమ్మతునే అనుమానింపవలెను. క్రొత్త సామాను చెడ్డదగుట కంటె, దానిని అమర్చుటలో పొరపాటు జరుగుట ఎక్కువ.

పొరపాట్లలో ఒకటి, తలక్రిందులుగా అమర్చుట. మైనపు డిప్ప, స్ప్రింగు ఇంజను వైపు ఉండవలెను. తిరుగవేసినచో డిప్ప రేడియేటరు వైపున చల్లని నీటిలో కూర్చుండి, ఇంజను మరుగుచున్న సంగతి ఆలస్యముగా తెలిసికొనును. రెండవది, థర్మోస్టాటు అంచున ఉండు చిన్న రంధ్రమును గమనింపకుండుట. అందులో వ్రేలాడు సన్నని పిన్ను కొన్నిటికి ఉండును. అది గాలి తప్పించుకొనుటకు ఏర్పరచిన దారి. గాలి పైకే పోవును గనుక రంధ్రము పైవైపున ఉండవలెను. మూడవది, తగని డిగ్రీల థర్మోస్టాటు వేయుట. దాని మీద 82 అనియో, 88 అనియో అంకె చెక్కి యుండును. పాతదాని మీది అంకెతో పోల్చి చూచుకొనుటకు నిమిషము పట్టదు.

ఇవన్నియు సరిగా ఉన్నను మిగులునది గాలి. థర్మోస్టాటు మార్చునపుడు నీరు దింపవలెను గదా. తిరిగి పోయునపుడు ఇంజను లోపలి వంకర దారులలో గాలి చిక్కుకొనును. ఈ చిక్కుకొన్న గాలియే, థర్మోస్టాటు మార్చిన తరువాత వచ్చు వేడికి తరచుగా కనబడు కారణము. గాలి వేడిని మోయు శక్తి నీటిలో ఇరువదవ వంతు కూడ లేదు. గాలి నిలిచిన చోట లోహము భగభగలాడుచుండును. తిరుగుడు రెక్కల పంపు నీటిని నెట్టగలదు గాని గాలిని నెట్టలేదు, కనుక ప్రవాహము తెగిపోవును. మైనపు డిప్ప చుట్టును గాలియే యున్నచో దానికి నీటి వేడి తెలియదు, తలుపు తెరువదు. అప్పుడు నిర్దోషియైన క్రొత్త థర్మోస్టాటు మీద నింద పడును.

దీని గుర్తులు స్పష్టముగా నుండును. ముల్లు ఒక్కమారు పైకెగిరి, మరుక్షణము జారిపడును, మరల ఎగురును. డాష్‌బోర్డు వెనుక నీళ్లు గలగలలాడినట్లు చప్పుడగును. హీటరు పెట్టినచో ఒక నిమిషము వేడిగాలి, ఒక నిమిషము చల్లనిగాలి వచ్చును. ఇంకొక మాయ కూడ కలదు. ఉష్ణోగ్రతను కొలుచు సాధనము గాలిబుడగలో చిక్కినచో ముల్లు క్రిందనే నిలిచి, "అంతా చల్లగానే ఉన్నది" అని చెప్పుచుండగా ఇంజను లోపల కాలిపోవుచుండును. ముల్లు చెప్పినదెల్ల వేదము కాదు.

గాలిని వెడలగొట్టుటకు పంజాగుట్ట ప్రాంతము చాల అనుకూలమైనది. బంజారాహిల్సు వైపునకు ఎక్కు రోడ్లలో ఏటవాలు చోట్లకు కొదువ లేదు. రద్దీ లేని ప్రక్కవీధిలో కారు ముక్కు ఎత్తు వైపు ఉండునట్లు నిలిపి, చక్రములకు రాళ్లు పెట్టవలెను. రేడియేటరు మూతి ఇంజను కంటె ఎత్తయినచో గాలి దానంతటదే అటు ప్రాకును. ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నపుడు మాత్రమే మూత తీసి, నీరు నింపి, మూత లేకుండగనే ఇంజను నడిపి, హీటరును పూర్తి వేడి మీద ఉంచవలెను. కొంతసేపటికి థర్మోస్టాటు తెరచుకొని నీటిమట్టము గబుక్కున దిగును, బుడగలు వచ్చును. తక్కువైన నీరు పోయుచు, బుడగలు ఆగిన తరువాత మూత బిగింపవలెను. కొన్ని కార్లకు గాలి విడుచుటకు ప్రత్యేకముగా మరయుండును. అట్టివాటికి తయారీదారులు ఇచ్చిన పుస్తకములోని పద్ధతియే మేలు.

గాలి పోయిన పిదప కూడ కారు వేడెక్కుచున్నచో, అది ఎప్పుడు వేడెక్కుచున్నదో అడుగవలెను. హుస్సేన్ సాగరు ఒడ్డున ఖాళీ రోడ్డు మీద పరుగెత్తునపుడు ముల్లు నడుమన నిలిచి, చౌరస్తాలో ఆగినప్పుడు మాత్రమే పైకి పోవుచున్నచో నీటి ప్రవాహములో దోషము ఉండదు, గాలి ప్రవాహములో ఉండును. పరుగెత్తు కారునకు ఎదురుగాలియే రేడియేటరును విసరును. నిలిచిన కారునకు ఫ్యాను విసరవలెను. ఫ్యాను తిరుగుచున్నదా లేదా యనునది కొన్ని కార్లలో ఏసీ వేసి చూచినచో తెలియును, ఏసీతో బాటు ఫ్యానును తిరుగవలెను. ఏసీతో తిరిగి, వేడికి తిరుగకున్నచో మోటారు మంచిదే, దానికి ఆజ్ఞ ఇచ్చు స్విచ్చిలోనో, తీగలోనో లోపము. ఇక్కడ ఒక సంగతి. ఈ స్విచ్చి పెక్కు ఇంజనులలో థర్మోస్టాటు పెట్టెకు ప్రక్కనే ఉండును. థర్మోస్టాటు మార్చునపుడు దాని ప్లగ్గును ఊడదీసి, తిరిగి తగిలించుట మరచిన సందర్భములు మెకానిక్కులకు క్రొత్త కావు.

ఇందుకు వ్యతిరేకముగా, నిలిచినప్పుడు బాగుండి, ఎత్తు ఎక్కునపుడో, వేగముగా పోవునపుడో వేడెక్కినచో నీటి దారినే అనుమానింపవలెను. అప్పుడు చేతితో గొట్టములను పరీక్షింపవచ్చును. ఇంజను ఆపి, ఫ్యానుకు దూరముగా, తడుముచున్నట్లు తాకి వెంటనే తీయవలెను. ఫ్యాను ఇంజను ఆగిన తరువాత కూడ తటాలున తిరుగవచ్చును. ముల్లు పైనుండియు పై గొట్టము చల్లగా ఉన్నచో వేడి నీరు రేడియేటరుకు రాలేదు. థర్మోస్టాటు తెరువలేదో, గాలి అడ్డుపడినదో, పంపు నెట్టుట లేదో అనుకొనవలెను. రెండు గొట్టములును సమానముగా కాలుచున్నచో నీరు వచ్చినది గాని వేడిని వదలలేదు. ఫ్యాను లేదు, లేక రేడియేటరు సందులలో దుమ్ము మూసికొన్నది. పై గొట్టము కాలుచు, క్రింది గొట్టము పూర్తిగా చల్లగా ఉన్నచో రేడియేటరు లోపల పూడుకొన్నదని అనుమానింపవచ్చును.

ఈ పూడిక ఏమిటో తెలియవలెనన్న, హైదరాబాదులో ఏ ఇంటిలోనైనను బోరు నీటిలో పెట్టు ఇమ్మర్షన్ హీటరు కడ్డీని చూచిన చాలును. దాని మీది తెల్లని పెచ్చే ఇంజను లోపలను కట్టును. ఈ నగరము గ్రానైటు బండల మీద కూర్చున్నది, ఆ బండల నెర్రెలలోని నీటిలో కాల్షియము, మెగ్నీషియము లవణములు కరగి యుండును. కాచినపుడు బైకార్బొనేటు విరిగి కార్బొనేటుగా పేరుకొనును. ఆ పొర వేడిని ప్రసరింపజేయుటలో ఇనుము కంటె కొన్ని పదుల రెట్లు తక్కువది. రోడ్డు ప్రక్క బోరు పంపు క్రింద సీసా నింపి రేడియేటరులో పోయుట గండము గడచుటకు సరే గాని, అదే అలవాటైనచో ఇంజను నరములు మూసికొనును. శుద్ధజలము, తగిన కూలెంటు కలిపి పోయుటయే సరియైనది. కూలెంటులోని ఇథిలీన్ గ్లైకాలు తీయగా నుండు విషము. పిల్లలకును కుక్కలకును అందరాదు.

ఎండ మాట కూడ చెప్పుకొనవలెను. రేడియేటరు వదలు వేడి, నీటికిని గాలికిని గల ఉష్ణోగ్రతా భేదమును అనుసరించును. డిసెంబరు ఉదయము 15 డిగ్రీలున్నపుడు 90 డిగ్రీల నీటికి భేదము 75. హైదరాబాదులో 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైనది. అట్టి దినమున భేదము 45 కంటె తక్కువ. అదే రేడియేటరు మూడు వంతుల పనిలో రెండు వంతులైనను చేయజాలదు. సగము పూడిన రేడియేటరు చలికాలమంతయు గుట్టుగా కాలము గడపి మే నెలలో బయటపడుట ఇందువలననే.

నగరము సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇచట తెరచిన గిన్నెలో నీరు 100 డిగ్రీలకు కాక, 98 డిగ్రీలకే మరుగును. రేడియేటరు మూతలోని స్ప్రింగు లోపలి పీడనమును బయటి కంటె 0.9 బారు ఎక్కువగా నిలిపినచో మరుగు స్థానము 118 డిగ్రీలకు పెరుగును. మూత రబ్బరు చీలినచో ఈ 20 డిగ్రీల రక్షణ పోవును. అల్పమైన ఖరీదు గల మూత చెడి, వేలకొలది రూపాయల సామాను మార్చిన వారున్నారు.

పాఠశాలలో థర్మోస్టాటును పరీక్షించుట సులభము. ఒక పాత థర్మోస్టాటును దారముతో గిన్నె అడుగునకు తాకకుండ నీటిలో వ్రేలాడదీసి, ప్రక్కన థర్మామీటరు ఉంచి కాచవలెను. 82 అంకె గలది ఆ డిగ్రీల వద్ద కదలి, 95 ప్రాంతమున పూర్తిగా తెరచుకొనును. 88 అంకె గలది పూర్తిగా తెరచుకొనుటకు 100 డిగ్రీలు దాటవలసి యుండును. హైదరాబాదు గిన్నెలో నీరు 98 దాటదు గదా! కావున అది అరకొరగా తెరచుకొన్నచో చెడిపోయినదని పారవేయరాదు. మచిలీపట్నములోని పాఠశాలలో అదే థర్మోస్టాటు కొంచెము ఎక్కువ తెరచుకొనును.

గాలి, ఫ్యాను, పూడిక, మూత – అన్నియు సరిగా నుండియు ముల్లు ఎక్కుచున్నచో కథ వెనుకకు చదువవలెను. పాత థర్మోస్టాటు మూసికొనిపోయిన దినమున ఇంజను ఒకమారు బాగుగా ఉడికి యుండును. అల్యూమినియము ఇనుమునకు రెట్టింపు వ్యాకోచించును. 40 సెంటీమీటర్ల పొడవు గల అల్యూమినియపు సిలిండరు హెడ్డు 30 డిగ్రీలు అదనముగా వేడెక్కినచో 0.28 మిల్లీమీటరు సాగును, దాని క్రింది ఇనుప బ్లాకు 0.13 మాత్రమే. నడుమ నలిగినది గాస్కెట్టు. అది చిట్లినచో సిలిండరులోని మంటవాయువులు నీటిలోనికి చొచ్చును. అప్పుడు థర్మోస్టాటు చెడినది మొదటి జబ్బు, గాస్కెట్టు దాని ఫలము. మొదటిదానిని బాగు చేసినంతనే రెండవది బాగుపడదు. చల్లని ఇంజనును మూత తీసి నడిపినపుడు బుడగలు ఎంతసేపటికిని ఆగకుండుట, పొగగొట్టము నుండి ఆగని తెల్లని ఆవిరి, నూనె మజ్జిగ రంగునకు మారుట, బయట ఎచ్చటను కారకున్నను నీరు తగ్గుచుండుట దీని గుర్తులు. ఈ కారును ఇక నడుపరాదు. ఇంకొక మైలు ఆశపడినచో హెడ్డు వంగును, గాస్కెట్టుతో పోవునది ఇంజనుతో పోవును.

చౌరస్తాలో ముల్లు ఎర్రగీత దాటినపుడు చేయవలసినది ఇంత. ఏసీ ఆపి, అద్దములు దింపి, హీటరు పూర్తిగా పెట్టవలెను. మే నెలలో అది శిక్షయే గాని హీటరు ఒక చిన్న రేడియేటరు. వీలైనంత త్వరలో ప్రక్కకు తీసి ఇంజను ఆపవలెను. కాలుచున్న ఇంజను మీద చల్లని నీరు క్రుమ్మరింపరాదు, లోహము పగులును. మూతను ముట్టరాదు. లోపల 118 డిగ్రీల వద్ద ఉన్న 5 లీటర్ల నీరు మూత తెరచినంతనే 98కి దిగవలెను. ఆ వేడితో దాదాపు 180 గ్రాముల నీరు ఒక్కసారిగా ఆవిరియై, 300 లీటర్ల చోటు కోరును. ఆ ఆవిరి మరుగు నీటిని వెంటబెట్టుకొని తెరచినవాని ముఖము మీదికే వచ్చును. పై గొట్టమును గుప్పిట పట్టి నిమిషము సేపు నిలుపగలిగినపుడు, మందమైన గుడ్డ కప్పి, మొగము ప్రక్కకు త్రిప్పి, మూతను మొదటి మెట్టు వరకే తిప్పి, బుస్సుమను శబ్దము పూర్తిగా ఆగిన తరువాత తీయవలెను.